మేడ మీది కిటికీలు మార్చేటప్పుడు సన్‌షేడ్ మీద మనిషిని నిలబెట్టకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. విశాఖలో 1998లో కట్టిన ఇల్లు, కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను. పైన ఏడు కిటికీలు, అన్నిటికీ చెక్క ఫ్రేములు, వాటికే బిగించిన ఇనుప గ్రిల్లులు. మూడింటికి చెదలు పట్టాయి. ఒకటి వానకి ఉబ్బి రెక్క పడటం లేదు. అన్నీ తీసేసి యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ కిటికీలు పెట్టించాలనుకుంటున్నారు. ఒకాయన "పరంజా ఎందుకండీ, కింది కిటికీ సన్‌షేడ్ మీద నిలబడి రెండు రోజుల్లో లేపేస్తాం" అన్నారు. ఇంకొకాయన పరంజాకి విడిగా డబ్బు, ఎనిమిది రోజుల టైము అడిగారు. ఇంట్లో నాలుగేళ్ల పాప, పెద్దావిడ ఉన్నారు, ఇల్లు ఖాళీ చెయ్యకుండా చేయించొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మొదటి ఆయనకి పని ఇవ్వకండి. రెండో ఆయన అడిగిన పరంజా ఏడు కిటికీలకీ అవసరం పడకపోవచ్చు గానీ ఆయన ఆలోచన సరైంది. మేడ మీది కిటికీ పని గది లోపల నిలబడి చెయ్యాలి. పాతది లోపలికే లాక్కోవాలి, కొత్తది లోపలి నుంచే బిగించాలి. అలా కుదరని చోట నేల మీద నుంచి కట్టుకొచ్చిన పరంజా ఉండాలి. సన్‌షేడ్ ఎక్కడం, నిచ్చెన మీద నిలబడి ఫ్రేము పట్టుకోవడం, పిట్టగోడకి తాడు కట్టుకొని వేలాడటం లాంటివి ఎవరు ఎంత ధైర్యంగా చెప్పినా ఒప్పుకోకండి. ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. రోజుకి ఒక కిటికీ చొప్పున, పనున్న గది తలుపు మూసేసుకొని చేయించుకోవచ్చు.

నేను ఈ పనిలోకి వచ్చి 24 ఏళ్లయింది. మా నాన్నగారు వడ్రంగి. ఆయన దగ్గర టేకు కిటికీలు చేయడం నేర్చుకొని, తర్వాత అల్యూమినియంలోకి, ఇప్పుడు యూపీవీసీలోకి వచ్చాను. ఎక్కువ పని విశాఖ, గాజువాక, భీమిలి చుట్టుపక్కలే. కింద రాసేదంతా చేతులతో చేసి తెలుసుకున్నదే.

సన్‌షేడ్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మనుషులు పడేది అక్కడే. సన్‌షేడ్‌కి పట్టు ఒక్క వైపే ఉంటుంది. గోడలో లింటెల్‌తో, అంటే కిటికీ పైన గోడ బరువు మోసే దూలంతో కలిపి పోస్తారు, రెండో అంచు గాల్లో ఉంటుంది. అలాంటి పలకకి బరువు పడితే సాగే వైపు పై వైపు. అందుకే ఊచలు పై భాగంలో ఉండాలి. కాంక్రీటు పోసే రోజు కూలీలు ఆ ఊచల మీద నడిస్తే అవి కిందికి దిగిపోతాయి. దిగినట్టు పైకి కనపడదు. అలాంటి సన్‌షేడ్ తన బరువు తాను మోసుకుంటూ పాతికేళ్లు నిలబడుతుంది, మనిషి ఎక్కిన రోజు విరుగుతుంది. మామూలుగా ఇంజినీర్లు సన్‌షేడ్‌కి సొంత బరువు కాకుండా చదరపు మీటరుకి ఓ 75 కిలోలు మాత్రమే లెక్కేస్తారు. డ్రిల్లు పట్టుకున్న ఒక మనిషి చివర నిలబడితేనే ఆ లెక్క దాటిపోతుంది. ఇద్దరు నిలబడి ఫ్రేము ఎత్తితే ఇక చెప్పేదేముంది.

మన ఊళ్లో దీనికి ఉప్పుగాలి తోడు. సముద్రం దగ్గరి ఇళ్లలో సన్‌షేడ్ లోపలి ఊచ తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటుని పెచ్చులుగా తోసేస్తుంది. కింద నిలబడి మీ సన్‌షేడ్ అడుగు భాగం చూడండి. గోధుమ రంగు చారలు, గోడ వెంబడి సన్నటి పగులు, ఊడిన పెచ్చులు వీటిలో ఏది కనిపించినా దాని మీద పిల్లిని కూడా నడవనివ్వకూడదన్నట్టు చూడాలి. ఏమీ కనిపించకపోయినా గట్టిదని అనుకోవడానికి లేదు, ఎందుకంటే పగులు మొదలయ్యేది పై వైపు, దాని మీద సున్నమో సిమెంటు పూతో ఉంటుంది.

2007లో మా కుర్రాడొకడు ఇలాగే పడ్డాడు. అప్పటికి నాకూ అందరిలాగే సన్‌షేడ్ ఎక్కి పని చేసే అలవాటుండేది. అల్యూమినియం కిటికీకి బయట సిలికాన్ కొట్టడానికి వాడు దిగాడు. ఐదు నిమిషాల పని. పలక గోడ దగ్గర విరిగి మొత్తంగా వాలిపోయింది. కింద ఇసక కుప్ప ఉంది కాబట్టి తుంటి ఎముక, చెయ్యి విరిగి బతికాడు. ఎనిమిది నెలలు పనిలోకి రాలేకపోయాడు. ఆ పలక విరిగిన చోట చూశాను, ఊచలన్నీ అడుగున ఉన్నాయి, పై సగం ఉత్త కాంక్రీటు. అప్పటి నుంచి నా మనుషులెవరూ సన్‌షేడ్ మీద కాలు పెట్టరు. ఆ కారణంగా పోయిన పనులు చాలా ఉన్నాయి, వాటి గురించి బాధ లేదు.

ఇక మీ ఇంటి సంగతి. ముందు ఏడూ మార్చాలో లేదో తేల్చుకోండి. చెదలు పట్టింది మూడింటికే అన్నారు. మిగతా నాలుగు ఫ్రేముల్ని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. అడుగు చెక్కని, రెండు నిలువు చెక్కల కింది జానెడునీ, గోడకి ఆనుకున్న అంచునీ గుచ్చాలి. మొన దిగకుండా గట్టిగా తగిలితే, సుత్తితో కొడితే డొల్ల చప్పుడు రాకపోతే ఆ ఫ్రేము ఉంచేయొచ్చు. 1998 నాటి టేకు అయితే ఇప్పుడు దొరికే చెక్క కన్నా మంచిదే అయి ఉంటుంది. రెక్కలు మాత్రం తీసేసి, పాత ఫ్రేము లోపల కొత్త యూపీవీసీ ఫ్రేము కూర్చోబెడతాం. వెలుతురు చుట్టూ రెండేసి అంగుళాలు తగ్గుతుంది. కానీ గ్రిల్లు కదలదు, గోడ పగలదు, పని జరిగినంత సేపూ ఆ కంతకి అడ్డుగా గ్రిల్లు ఉంటుంది. భద్రత లెక్కలో దీనికి మించిన పద్ధతి లేదు. కిటికీ ఎంత బాగున్నా అన్నీ ఒకేలా కనిపించాలని నాలుగు మంచి ఫ్రేములు పీకించుకునేవాళ్లని చూశాను, నాకు మనసొప్పదు.

చెదలు పట్టిన ఫ్రేములోకి మాత్రం కొత్తది ఎక్కించకండి. స్క్రూ పట్టేది పొట్టులో. అలాంటివి పూర్తిగా తియ్యాలి, కంత చుట్టూ చెదల మందు కొట్టించి రెండు రోజులు ఆరనివ్వాలి. ఆ రెండు రోజులూ కంతని కింద చెప్పినట్టు ప్లైవుడ్డుతో మూసి ఉంచాలి.

పూర్తిగా తీసేటప్పుడు మొదట చూడాల్సింది పైన లింటెల్ ఉందా లేదా అని. 1998 ఇల్లు, సన్‌షేడ్ ఉంది అన్నారు కాబట్టి పై కిటికీలకీ లింటెల్ ఉండే ఉంటుంది. అయినా పూత ఒక జానెడు కొట్టి చూసుకోవాలి. పూర్వపు మేడల్లో, సున్నం గోడల ఇళ్లలో పై ఇటుకల బరువు చెక్క ఫ్రేమే మోస్తుంటుంది. అనకాపల్లిలో ఒక పాత మేడకి వెళ్లినప్పుడు నిలువు చెక్క మధ్యలో రంపం పెట్టగానే కోత మూసుకుపోయి రంపం బిగుసుకుపోయింది. అంటే పైనుంచి బరువు దిగుతోందన్నమాట. అక్కడే ఆపేసి, లోపల రెండు సెంట్రింగ్ జాకీలు పెట్టి, మేస్త్రితో లింటెల్ వేయించి, రెండు వారాలు ఆగాక కిటికీ తీశాం. మీ ఇంట్లో పని చేసేవాళ్లకి ఈ ఒక్క గుర్తు చెప్పి ఉంచండి. రంపం బిగుసుకుంటే ఆపెయ్యాలి.

ఒక కిటికీకి పని ఎలా నడవాలో చెప్తాను.

ముందురోజే కొత్త కిటికీ ఇంట్లోకి వచ్చేసి ఉండాలి. ఇది చాలామంది పట్టించుకోరు. పాతది పీకేసి, అంచులు పూసి, అప్పుడు కొలత తీసుకొని ఆర్డరు పెడతారు. కిటికీ తయారై వచ్చేదాకా రెండు మూడు వారాలు మేడ మీద ఆ కంత అలా తెరుచుకొని ఉంటుంది. పాప ఉన్న ఇంట్లో అది పని కన్నా పెద్ద ప్రమాదం. నేనైతే పాత ఫ్రేము చుట్టూ నాలుగు చోట్ల పూత కొట్టి ఇటుక అంచు ఎక్కడుందో చూస్తాను. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, రెండు మూలల కొలతలూ తీసి, అన్నిటికన్నా తక్కువదాంట్లోంచి 10 మిల్లీమీటర్లు తగ్గించి ఆర్డరు పెడతాను. ఆ సందు ఉండాలి కూడా. యూపీవీసీ ఎండకి సాగుతుంది, ఐదడుగుల ముక్క 40 డిగ్రీల తేడాకి నాలుగు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. వచ్చిన కిటికీని కంత కొలతతో సరిచూసుకున్నాకే పాతదాని మీద చెయ్యి వెయ్యాలి. తప్పనిసరై కంత తెరిచి ఉంచాల్సి వస్తే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు మూసి, లోపలి వైపు కంత కన్నా పొడుగైన రెండు అడ్డకర్రలు పెట్టి బోల్టులతో బిగించాలి. గోనెసంచి కట్టి వదిలెయ్యకూడదు.

పొద్దున్న ఎనిమిదికి మొదలు. మొదట కింద, ఆ కిటికీ సూటిగా ఉన్న నేల నుంచి పదడుగుల దూరం దాకా తాడు కట్టి, ఒక మనిషిని నిలబెట్టాలి. స్కూటర్లు తీసేయించాలి. పక్కింటివాళ్లకి ముందురోజే చెప్పాలి. గాజు ముక్క ఒకటి గోడకి తగిలి ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఆ కింది మనిషి ఫోన్ చూసుకుంటూ కూర్చోకూడదు, అతని పని అది ఒక్కటే.

తర్వాత రెక్కలు తియ్యాలి. పాత అద్దాలు మామూలు గాజువి, పగిలితే కత్తుల్లా ఉంటాయి. వాటికి రెండు వైపులా ప్యాకింగ్ టేపు ఇంటూ ఆకారంలో అంటించి, బందులు విప్పి, రెక్కని గదిలోకి తెచ్చుకోవాలి. గ్రిల్లు అలాగే ఉంచాలి. గ్రిల్లు చివరన తియ్యాలి. తొందరగా అవుతుందని ముందే కోసేస్తుంటారు. గ్రిల్లు ఉన్నంత సేపూ లోపల పని చేసేవాడు కాలు జారినా బయటికి పోడు.

అడుగు చెక్కని మధ్యలో రంపంతో కోసి, చిన్న గునపంతో రెండు ముక్కల్నీ లోపలికి లేపాలి. నిలువు చెక్కలకి గోడలో హోల్డ్‌ఫాస్టులు, అంటే ఫ్రేముని గోడకి పట్టి ఉంచే ఇనుప పట్టీలు ఉంటాయి, ఒక్కో వైపు రెండు మూడు. వాటి దగ్గర పూత కొట్టి గ్రైండరుతో కొయ్యాలి. నిప్పురవ్వలు ఎగురుతాయి, కర్టెన్లు, పరుపులు ముందే తీసెయ్యండి. పై చెక్క రెండు చివర్లూ గోడలోకి చొచ్చుకొని ఉంటాయి కాబట్టి దాన్నీ మధ్యలో కొయ్యాల్సిందే. ఇదంతా అయ్యేలోపు గ్రిల్లుకి రెండు చోట్ల మోకు కట్టి, ఆ మోకు రెండో చివర లోపల గట్టి ఆధారానికి వెయ్యాలి. గది తలుపు కంతకి అవతల వైపు, కంత కన్నా పొడుగైన ఇనుప పైపు అడ్డంగా పెట్టి దానికి కడతాం మేము. అప్పుడు గ్రిల్లు వదులైనా బయటికి పడదు, ఇద్దరు లోపలికి వాల్చుకుంటారు. నాలుగడుగుల గ్రిల్లు పాతకాలం పట్టీలతో 25, 30 కిలోలు ఉంటుంది, చేతుల్లో ఆగదు.

గ్రిల్లు వచ్చేసిన క్షణం నుంచి అది కిటికీ కాదు, గోడకి పడ్డ కంత. వెంటనే లోపలి వైపు నడుం ఎత్తున ఒకటి, మోకాలి ఎత్తున ఒకటి అడ్డపైపులు బిగించాలి. అప్పటి నుంచి కొత్త ఫ్రేము బిగిసేదాకా కంత దగ్గర పని చేసే మనిషికి ఫుల్ బాడీ హార్నెస్, అంటే భుజాలనీ తొడలనీ కలిపి పట్టే బెల్టు ఉండాలి. ఉత్త నడుం బెల్టు వద్దు, అది పడేటప్పుడు పొట్టని కోసేస్తుంది. హార్నెస్ మీద ఐఎస్ 3521 అని ఉందో లేదో చూడండి. దాని తాడు గది తలుపు కంతకి అవతల పెట్టిన ఇనుప పైపుకే కట్టాలి, అదీ మనిషి నడుం కంత అంచు దాటి బయటికి పోనంత పొట్టిగా. పడ్డాక ఆపే తాడు కన్నా పడేచోటికి చేరనివ్వని తాడు మేలు. పక్క గదిలో గ్రిల్లుకో, బాల్కనీ రెయిలింగుకో, వాటర్ ట్యాంకు పైపుకో కట్టేవాళ్లున్నారు. ఆ గ్రిల్లు పట్టుకున్న చెక్కకే చెదలు పట్టిందని మర్చిపోతారు.

ఆ తర్వాత కొత్త ఫ్రేము. అద్దాల రెక్కలు వేరుగా, ఖాళీ ఫ్రేము వేరుగా రావాలని ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పండి. ఖాళీ ఫ్రేము తేలిక, ఇద్దరు లోపలి నుంచే కంతలోకి ఏటవాలుగా తిప్పి నిలబెట్టేస్తారు. రసమట్టం, తూకం గుండు చూసుకొని, ప్యాకింగ్ ముక్కలు పెట్టి బిగించాలి. సాయంత్రానికి రెక్కలతో సహా మూసుకోవాలి. పూత, సిలికాన్ మర్నాడు చూసుకోవచ్చు.

బిగింపు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది కదా. ఆ తర్వాత ఏడాదంతా నేను చేసింది కొట్టుకుపోయిన కిటికీలు మళ్లీ పెట్టడమే. అద్దం పగిలినవాటి కన్నా ఫ్రేముతో సహా ఊడి గదిలో పడ్డవి ఎక్కువ చూశాను. ఊడినవాటి స్క్రూలు చూస్తే పూతలో అంగుళం దిగి ఆగిపోయాయి, ఇటుకని తాకలేదు. గాలి లెక్కలకి వాడే ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి, విజయవాడకి సెకనుకి 50 మీటర్ల గాలి వేగం రాశారు, హైదరాబాదుకి 44. 50 మీటర్ల గాలి చదరపు మీటరు మీద 150 కిలోల బరువంత తోస్తుంది. ఆరడుగులు నాలుగడుగుల కిటికీ మీద అది 330 కిలోల పైచిలుకు. దాన్ని ఆపేది ఫ్రేముని గోడకి పట్టిన స్క్రూలే. కాబట్టి మూల నుంచి ఆరు, ఎనిమిది అంగుళాల్లోపు మొదటిది, తర్వాత రెండడుగులకి మించకుండా ఒక్కోటి, ఇటుకలోకి రెండు అంగుళాలైనా దిగాలి. ఇటుకల మధ్య సిమెంటు సందులో కాదు, ఇటుకలోనే. ఉత్త పీయూ ఫోమ్ (ఉబ్బి గట్టిపడే నురగ) కొట్టి నిలబెట్టి వెళ్లిపోతే ఒప్పుకోకండి, ఫోమ్ సందు పూడ్చడానికే పనికొస్తుంది. స్క్రూలు, కీలు పట్టీలు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. బీచ్‌కి దగ్గరైతే 316 గ్రేడు, లేకపోతే 304.

జారుడు రెక్కలైతే పై ట్రాకులో రెక్క పైకి లేవకుండా ఆపే ముక్కలు పెట్టారో లేదో మీరే చూడండి. రెక్కని రెండు చేతులతో పైకి లేపండి. లేచి ట్రాకులోంచి వచ్చేస్తే ఆ ముక్కలు లేవని అర్థం. పెద్ద గాలికి అలాంటి రెక్క మేడ మీంచి వీధిలో పడుతుంది.

ఇక పరంజా ఎక్కడ తప్పదు? మీ ఇంట్లో నా అంచనా రెండు చోట్ల. మెట్ల మలుపు దగ్గరి కిటికీకి లోపల నిలబడే నేల ఉండదు. అక్కడ లోపల మెట్ల మీద సమంగా పలకలు పరిచి ఒక చిన్న పరంజా, బయట ఒకటి కావాలి. రెండోది, గ్రిల్లులు ఫ్రేములకే ఉన్నాయన్నారు గానీ, ఏ కిటికీకైనా గ్రిల్లు గోడ బయటి ముఖానికి బిగించి ఉంటే అక్కడ. మిగతా కిటికీల బయట అంచులకి సిలికాన్ కొట్టడానికి చెయ్యి చాపితే అందుతుంది. జారుడు కిటికీకి ఒక రెక్క తీసి, అవతలి సగం కొట్టి, రెక్కలు మార్చి ఇవతలి సగం కొట్టొచ్చు. హార్నెస్ వేసుకొనే. అందని మూల ఏదైనా ఉంటే పరంజా ఉన్న రోజున ఆ వైపుకి జరిపి చేసుకోవాలి. అందుకే పరంజా రోజులు విడిగా లెక్క రాయించుకోండి, ఎనిమిది రోజుల అద్దె అక్కర్లేకపోవచ్చు.

సరుగుడు బాదులతో కట్టినా, ఇనుప కప్‌లాక్ పైపులతో కట్టినా నేను చూసేవి కొన్నే. నిలువు కర్రల కింద చెక్క పలకలు ఉండాలి, మట్టిలోకి దిగకుండా. నిలబడే చోట మూడు పలకలు పక్కపక్కన, రెండు చివర్లా కట్టి ఉండాలి. నడుం ఎత్తున, మోకాలి ఎత్తున అడ్డకర్రలు, పలక అంచున సుత్తులవీ దొర్లిపోకుండా జానెడు చెక్క. పరంజాని ఇంటికి కట్టాలి కదా, దాన్ని సన్‌షేడ్‌కో పాత గ్రిల్లుకో కడితే దండగ. ఇంకో కిటికీ కంతకి లోపల అడ్డంగా పైపు పెట్టి దానికి కట్టించండి. కొబ్బరి తాడు ముడులు రాత్రి మంచుకి, పగటి ఎండకి వదులవుతాయి, రోజూ పొద్దున్నే చేత్తో లాగి చూసుకోవాలి. నిచ్చెన పరంజా ఎక్కడానికే వాడాలి. నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున కింది చివర గోడకి దూరంగా ఉండాలి, పై చివర పలకకి మూడడుగులు పైకి ఉండాలి.

మీరు కరెంటు తీగల గురించి రాయలేదు. మీ ఇంటి ముందు స్తంభం ఉంటే అన్నిటికన్నా ముందు అదే చూసుకోవాలి. నిబంధనల ప్రకారం 11 కేవీ (11 వేల వోల్టుల) దాకా తీగ భవనానికి అడ్డంగా 1.2 మీటర్ల దూరంలో ఉండొచ్చు. అంటే నాలుగడుగులు. ఆ దూరం ఖాళీగా ఉన్న గోడకి సరిపోతుంది గానీ పన్నెండడుగుల అల్యూమినియం పట్టీ పట్టుకొని పరంజా మీద తిరిగే మనిషికి సరిపోదు. తాకక్కర్లేదు కూడా, పెద్ద తీగ దగ్గరికి లోహం వెళ్తేనే చాలు. అలాంటి వైపు ఉన్న కిటికీకి కరెంటు సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి ఎల్‌సీ, అంటే పని అయ్యేదాకా ఆ లైనుకి సప్లై ఆపే అనుమతి తీసుకోండి, దారి తెలియకపోతే 1912కి ఫోన్ చేసి కనుక్కోండి. మాకు గోపాలపట్నంలో ఒక ఇంటికి రెండు గంటలు ఇచ్చారు. ఆ రెండు గంటల్లో చెయ్యాల్సినవన్నీ ముందే సిద్ధం చేసుకొని, సప్లై ఆపాం అని లైన్‌మన్ వచ్చి చెప్పాకే బయట చెయ్యి పెట్టాం. ఫోన్లో "ఆపేశాం చేసుకోండి" అంటే చెయ్యకండి, మనిషి రావాలి.

అద్దం బరువు జనానికి అందాజా ఉండదు. మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి రెండున్నర కిలోలు. ఆరడుగులు నాలుగడుగుల 5 మిల్లీమీటర్ల అద్దం 28 కిలోలు తూగుతుంది. శబ్దం రాకుండా రెండు అద్దాల యూనిట్ పెడితే 56. కాబట్టి పెద్ద కిటికీలని రెండు మూడు రెక్కలుగా చేయించుకోండి. మెట్ల మలుపులో ఆ అద్దం తిరుగుతుందో లేదో ఒక అట్టముక్క కోసి తిప్పి చూడండి. తిరక్కపోతే బయటి నుంచి తాళ్లతో లాగాలంటారు, అప్పుడు సైజు తగ్గించుకోవడమే మంచిది. మన ఊళ్లో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, పెద్ద అద్దం దానికి తెరచాపలా అడ్డుపడుతుంది. అద్దాలు ఎక్కించే పని పొద్దున పదిలోపు కానిచ్చేయమనండి.

మేడ మీదకి టఫెన్డ్ అద్దమే తీసుకోండి, మూలన ఐఎస్ 2553 ముద్ర చూసుకొని. పగిలితే మొద్దు గుళికల్లా రాలుతుంది. దాన్ని తర్వాత కొయ్యడానికి, చెక్కడానికి వీలుండదు కాబట్టి కొలత మొదటే సరిగ్గా ఉండాలి. కింద పిల్లలాడే స్థలం, నడిచే దారి ఉన్న వైపు లామినేటెడ్ అద్దం ఇంకా మంచిది. పగిలినా మధ్య పొరకి అంటుకొని ఉంటుంది, కిందికి రాలదు.

పాప ఉంది కాబట్టి ఇంకో మాట. కొత్త కిటికీ పెట్టాక "అందంగా ఉంది, గ్రిల్లు ఎందుకు" అని చాలామంది మానేస్తున్నారు. దోమతెర పిల్లల్ని ఆపదు, చేత్తో తోస్తే ఊడొస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలున్న మేడకి గ్రిల్లు ఉండాల్సిందే, ఊచల మధ్య సందు నాలుగంగుళాలకి మించకూడదు, ఎక్కడానికి వీలైన అడ్డపట్టీలు తక్కువ ఉండాలి. కిటికీ కింద మంచం, కుర్చీ వెయ్యకండి. అయితే పడగ్గదుల్లో ఒక దానికైనా గ్రిల్లులో లోపలి నుంచి తెరుచుకునే తలుపు పెట్టించండి, తాళంచెవి ఆ గదిలోనే పెద్దవాళ్లకి అందే ఎత్తులో వేలాడాలి. మంటలొస్తే బయటపడే దారి అదే.

బయటికి తెరుచుకునే రెక్కలు మేడ మీద నాకు ఇష్టం లేదు. గ్రిల్లు లోపల ఉంటే అద్దం బయటి వైపు తుడవడానికి ఎవరో ఒకరు మళ్లీ సన్‌షేడ్ ఎక్కుతారు. జారుడు రెక్కలు, లేదా లోపలికి తెరుచుకునేవి పెట్టుకుంటే గదిలోంచే తుడుచుకోవచ్చు. ఏ కంపెనీ మంచిదని నన్ను అడక్కండి, బిగించే మనిషిని బట్టే ఉంటుంది.

పని జనవరి, మార్చి మధ్య పెట్టుకోండి. అక్టోబరు, నవంబరుల్లో అసలు వద్దు, అవి తుపాను నెలలు. ఒప్పందం రాసుకునేటప్పుడు వచ్చే మనుషులకి ప్రమాద బీమా ఉందో లేదో అడగండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి, బ్యాంకు ఖాతా ఉండాలి. మా దగ్గర కొత్తగా చేరినవాడికి మొదటి రోజు చేయించేది అదే. లేదంటే మీరే ఆ 20 రూపాయలు కట్టించండి, ముగ్గురికి 60 అవుతుంది.

కింది కిటికీల సన్‌షేడ్ల అడుగు భాగం, మెట్ల దగ్గరి కిటికీ లోపలి నుంచి, ఇంటి ముందు తీగలు కనిపించేలా రోడ్డు మీంచి ఒకటి, ఇలా ఫొటోలు పెట్టండి. ఏ కిటికీకి పరంజా కావాలో, ఏది లోపలి నుంచి అయిపోతుందో ఒక్కోటీ చూసి చెప్తాను.